నాలుగో అమ్మాయికి ఎడమ పక్క

శుక్రవారం చేయవలసిన పనులను సంగవి గురువారం సాయంత్రమే ఒక కాగితం మీద రాసుకుంది.

కెమెరా బ్యాటరీలు రెండూ ఛార్జింగ్ పెట్టాలి.
మైకుకు తొడిగే స్పాంజి చిరిగింది. మేజోడు ఒకటి ఉతికి ఆరేయాలి, అదే తొడగాలి.
అత్త కళ్ళద్దాలు అంగడి నుంచి తేవాలి. అవి రాకపోతే మిగతావన్నీ దండగ.
కంటి చుక్కల సీసా, నీళ్ళు, పెరుగన్నం.
ఏడూ పదికి బస్సు.
ప్రేక్షకుల మాటలు ఇరవై మందివి. అందులో ఆడవాళ్ళు ఐదుగురైనా ఉండాలని ఛానల్ నడిపే అణ్ణ చెప్పాడు.
ప్రింటింగ్ ప్రెస్సులో కన్నీటి అంజలి పోస్టరు తీసుకోవాలి.
ఆ పోస్టరు అత్త కంట పడకుండా చూడాలి.

ఆఖరి రెండు పనులూ ఒకదానితో ఒకటి పొసగవని రాస్తున్నప్పుడే ఆమెకు తెలుసు. పోయినవాళ్ళ కోసం గోడకు అంటించే ఆ పోస్టరు మీద ఉన్న బొమ్మ బతికున్న అత్తదే.

సంగవికి ఇరవై మూడేళ్ళు. తమిళనాడులో పుదూరు పక్క పల్లెలో వానను నమ్ముకుని నల్లరేగడి దున్నే, ఇంట్లో తెలుగే మాట్లాడే గోపాలసామి కూతురు. ఆ వంశంలో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి కాబట్టి చెప్పిన పని చెప్పినట్టు చేయడం ఆమెకు అలవాటు. రెండు నెలలుగా విరుదునగర్‌లో ఒక యూట్యూబ్ ఛానల్‌లో ఉద్యోగం. సినిమా విడుదలైన రోజు థియేటర్ గేటు దగ్గర నిలబడి, బయటికొచ్చే జనం నోటి ముందు మైకు పెట్టి ఎలా ఉందో అడగాలి. ఉండేది కోవిల్‌పట్టిలో, తండ్రికి అక్క అయిన తంగమ్మాళ్ ఇంట్లో.

ఈ శుక్రవారం వచ్చేది కొత్త సినిమా కాదు. నలభై ఏళ్ళ కిందటి ‘నాలావదు తీక్కుచ్చి’. నాలుగో అగ్గిపుల్ల అని అర్థం. తెల్ల కోటు, నల్ల కళ్ళద్దాలు వేసుకున్న హంతకుడొకడు బొటనవేలి గోటి మీద అగ్గిపుల్ల గీసి, అది ఆరేలోగా మనిషిని చంపి, కాలిన పుల్లను శవం చేతిలో పెట్టి పోతాడు. కథంటూ పెద్దగా ఏమీ లేదు. కానీ ఆ నీలం దీపాలు, ఆ సింథసైజర్ మోత, అద్దాల గదిలో వాడి నడక చూసి అప్పటి కుర్రాళ్ళు అలాంటి కోట్లు కుట్టించుకున్నారు. ఇప్పటి కుర్రాళ్ళు ఆ నడక నడిచి రీల్స్ చేస్తున్నారు. అందుకే బొమ్మ మీది గీతలు తుడిచి, శబ్దం బాగుచేసి మళ్ళీ థియేటర్లకు వదిలారు.

అందులో వాడు చంపే నాలుగో మనిషి ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ అమ్మాయి. సాయంత్రం పని దిగి గేటు దాటుతుంది. వెనక సుర్రుమని పుల్ల గీసిన చప్పుడు. తిరిగి చూస్తుంది, ఏదో అంటుంది, నవ్వబోయి ఆగిపోతుంది. మొత్తం ఆరు సెకన్లు. ఆ తర్వాత కనిపించేది పాడె మీదే, ముఖానికి పసుపు, మెడలో దండ.

ఆ అమ్మాయి తంగమ్మాళ్. అప్పుడామెకు పదిహేడు. కోవిల్‌పట్టి ఫ్యాక్టరీలో చెక్క చట్రాల్లో పుల్లలు పేరుస్తూ వరసగా కూర్చున్న ఆడపిల్లల్లో ఆమెను లేపి నిలబెట్టి, “ఈ పిల్ల చాలు” అన్నారు సినిమావాళ్ళు.

షూటింగ్ అయిన వారంలోనే ఆ అమ్మాయి నిజంగా చనిపోయిందని సినిమా పిచ్చి ఉన్న వాళ్ళందరూ నమ్ముతారు. దయ్యమైందనీ, ఆ ముక్క అర్ధరాత్రి చూడకూడదనీ కూడా రాస్తారు. ఆ పుకారు ఎక్కడ పుట్టిందో సంగవి ఇంట్లో వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. పుట్టించింది సంగవి అవ్వ మీనాక్షియమ్మాళ్.

తల మీద కాకి తన్నిన మనిషికి ఆ పల్లెల్లో ఒక పరిహారం ఉంది. ఆ మనిషి పోయాడని దగ్గరి చుట్టానికి కబురు పంపుతారు. వాళ్ళు నిజమనుకుని ఏడుస్తారు. ఆ ఏడుపుతో గండం గడిచిపోతుంది. మరునాడు నిజం చెప్పి, ఆ తర్వాత ఒక మంచిరోజు చూసుకుని మనిషే స్వయంగా వెళ్ళి ముఖం చూపించి, ఆ ఇంట కూడు తిని రావాలి. పెళ్ళి కావలసిన కూతురు పసుపు పూసుకుని పాడె ఎక్కిందని విన్న మీనాక్షియమ్మాళ్‌కు కాకి తన్నుడు దీని ముందు చిన్న సంగతి అనిపించింది. కూతురికి వాకిట్లోనే నీళ్ళు పోసి, పుదూరులో ఉన్న తన తమ్ముడు తిరుపతిసామికి “తంగం పోయింది” అని మనిషిని పంపింది.

తిరుపతిసామి పుదూరు బస్టాండులోనే కూలబడి ఏడ్చాడు. ఆ పక్కనే, ఎద్దుల బండ్లు మాట్లాడడానికి వచ్చిన సినిమా కంపెనీ మనిషి టీ తాగుతున్నాడు. మరునాడు తిరుపతిసామికి నిజం చేరేసరికి ఆ మనిషి మద్రాసు చేరాడు. ఒక సినిమా వారపత్రిక రెండు ముక్కలు వేసింది. తప్పని రాయించమని ఎవరో చెబితే మీనాక్షియమ్మాళ్ వద్దంది. “ఉండనీ. ఎంత మంది ఏడిస్తే పిల్లకు అంత ఆయుసు.”

ఇంతవరకూ నవ్వుకునే సంగతే. కానీ తంగమ్మాళ్ ముఖం చూపించడానికి పుదూరు వెళ్ళిన రోజే ఫ్యాక్టరీలో పుల్లల తలలకు పూసే రసాయనం కలిపే మందు గది అంటుకుంది. “నీ చట్రాలు కూడా నేనే పేర్చేస్తాలే, పోయి మాంసం కూర తినిరా” అని ఆ పూట ఆమె చోట్లో కూర్చున్న స్నేహితురాలు మారిసెల్వి ఇంటికి తిరిగి రాలేదు.

మారిసెల్వికి ఫోటో అంటూ ఒక్కటీ లేదు. తీయించుకునే సందర్భం రాకముందే పోయింది. తల్లి పోయింది, తమ్ముడు ఊరు విడిచి ఎటో వెళ్ళిపోయాడు. ఆమె బొమ్మ ఈ లోకంలో ఉన్నది ఒకే ఒక్క చోట. గేటు దాటే ఆరు సెకన్లలో తంగమ్మాళ్‌కు ఎడమ పక్కన నడిచేది ఆమే. ఫోన్లలో తిరిగే వీడియోను నిలువుగా కోశారు కాబట్టి, అందులో తంగమ్మాళ్ ముఖం, ఎడమ అంచున ఒక మోచేయి, సద్దిగిన్నె పిడీ మాత్రమే మిగిలాయి. సంగవి ఫోను అడిగి తీసుకుని తంగమ్మాళ్ ఆ మోచేతిని ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు.

పూర్తి సినిమా ఆమె ఇంతవరకూ చూడలేదు. తన పాడె తాను చూడకూడదని తల్లి ఒట్టు వేయించుకుంది. ఎప్పుడో టీవీలో వస్తే ముసలమ్మ లేచి ప్లగ్గు పీకేసింది. ముసలమ్మ పోయి ఏడాది తిరిగింది. పోస్టర్లు చూసిన రోజున తంగమ్మాళ్ అన్న మాట ఒక్కటే.

“పాడె వచ్చేటప్పుడు కండ్లు మూసుకుంటా. గేటు మాత్రం సూడాల పాపా. దాని ముఖం నాకు మరుపొస్తా ఉండాది.”

*

బస్సు సాత్తూరు దాటేలోగా తంగమ్మాళ్ మూడుసార్లు కళ్ళద్దాలు తీసి తుడిచింది. ఒళ్ళో సంచి ఉంది, సంచిలో తాను పని చేసే చోట కోసి పొట్లం కట్టిన వేరుశనగ మిఠాయి ఉంది. దాన్ని కిటికీ పక్కకు మార్చింది, మళ్ళీ ఒళ్ళోకి తెచ్చుకుంది.

“అత్తా, కాసేపు కదలకుండా ఉండు.”

“బస్సు కదల్తా ఉండాది, నన్నంటావు.” తంగమ్మాళ్ బయట ఎండిన చేల వైపు చూసింది. “ఆ పడం వెడల్పుగా వేస్తారా, లేక నీ ఫోన్లో మాదిరి కోసి వేస్తారా?”

“సినిమా వెడల్పుగానే వేస్తారు అత్తా. అడిగినాను.”

“ఎవర్ని అడిగితివి?”

“మిషను తిప్పేవాళ్ళని.”

“నిజంగా అడిగితివా, ముసలిది ఊరుకుంటుందని చెప్తా ఉండావా?”

“నిజంగా అడిగినాను. నేనెప్పుడు అబద్ధం చెప్పినా నీకు?”

అన్న వెంటనే సంగవికి పోస్టరు గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన రోజున ఛానల్ నడిపే పాండియరాజన్ ఆ నాలుగో అమ్మాయి చావు కథ చెప్పి, “మన ఛానల్‌కు అలాంటి సంగతులు కావాలి” అన్నాడు. అప్పుడామె “అవునా అణ్ణా” అంది. ఆ అవునాను వెనక్కి తీసుకునే సందు ఇప్పటిదాకా దొరకలేదు. ఈ పూట సినిమాకు వచ్చేవాళ్ళ చేత ఆ అమ్మాయికి అంజలి ఘటింపజేసి, దాన్ని వీడియో తీయాలని అతని ఆలోచన. ఈ వీడియో నిలబడితే ఆమె ఉద్యోగం కూడా నిలబడుతుందని బుధవారం అన్నాడు.

“పడంలో నేను వచ్చేటప్పుడు జనం ఏమంటారో?” అంది తంగమ్మాళ్ ఉన్నట్టుండి. “నగుతారా?”

“ఎందుకు నగుతారు?”

“రైక సినిమా కంపెనీది. బుజాల కాడ బుట్ట మాదిరి ఉబ్బిపొయ్యుంటాది. మారి అప్పుడే నగినాది.”

*

విరుదునగర్ బస్టాండులో దిగాక ఇద్దరూ తమిళంలోకి మారిపోయారు. బయట ఎప్పుడూ అంతే. సంగవి అత్తను టీ అంగడి బల్ల మీద కూర్చోబెట్టి, ప్రెస్సుకు పరుగెత్తి, పోస్టరు చుట్టను చంకలో పెట్టుకుని వచ్చింది. థియేటర్ గేటు దగ్గర పాండియరాజన్ ఆ చుట్టను లాక్కుని, విప్పి, అక్కడే గోడకు అంటించేశాడు. చంకలో పెట్టుకుని ఇంతసేపూ దాచింది దండగైపోయింది.

కన్నీటి అంజలి. నల్ల అంచు, మూలల్లో కన్ను, జారుతున్న చుక్క. మధ్యలో పదిహేడేళ్ళ తంగమ్మాళ్. కింద ‘పేరు తెలియని మా నాలుగో అమ్మాయికి’ అని.

తంగమ్మాళ్ దగ్గరగా వెళ్ళింది. కళ్ళద్దాలు పైకి జరిపి చూసింది. సంగవి ఆమె వెనకే వెళ్ళింది.

“బొమ్మ బాగా పడింది,” అంది తంగమ్మాళ్ మేనకోడలికి మాత్రమే వినబడేలా, ఇంటి మాటలో. “ఇంగోసారి చంపినారు గదా. మళ్ళా పుదూరు పోయి కూడు తినిరావాల్నేమో.”

“అత్తా, నేను చెప్దామనే—”

“ఇక్కడా కోసేసినారు చూడు.” ఆమె వేలు పోస్టరు ఎడమ అంచున ఆగింది. అక్కడ మోచేయి కూడా లేదు. నల్ల అంచు వచ్చేసింది. “పదా. సీటు దొరకాల.”

లోపల జనం కిటకిటలాడుతున్నారు. తెల్ల కోట్లు ఒక ముప్పై ఉంటాయి. అందరికంటే ముందున్న కోటు సెంథిల్‌కుమార్‌ది. మిరపకాయల మండీలో గుమస్తా, ఆ సినిమా అభిమానులకు పెద్ద. ఆ వేడిలో కోటు విప్పకుండా తిరుగుతున్నాడు, చెమట గడ్డం మీదుగా కారుతోంది. సంగవి అత్తను మధ్య వరసలో, తెర నడిమికి నేరుగా కూర్చోబెట్టి తాను పక్కన కూర్చుంది.

సినిమా మొదలైంది. హంతకుడి బూటు కనిపిస్తే ఈల. కోటు గుండీ కనిపిస్తే ఈల. మొదటి పుల్ల గీసినప్పుడు హాలంతా ఊగింది. మొదటి మనిషి చచ్చినప్పుడు ఎవరో “సూపర్ తలైవా” అన్నారు. రెండో మనిషి అరుపు సింథసైజర్‌లో కలిసిపోయింది, వెనక వరసలో ఒక కుర్రవాడు అదే తాళానికి సీటు చేతిని కొట్టాడు. తంగమ్మాళ్ సంచి పిడిని మెలిపెడుతూ కూర్చుంది. “వీడు తొందరగా కానిచ్చేస్తే బాగుణ్ణు,” అంది మూడో హత్య అప్పుడు. “మా గేటు ఎప్పుడొచ్చేది?”

గేటు వచ్చింది. ఎర్రటి సాయంత్రపు ఎండ, ఇనుప తలుపు, బిలబిలమంటూ బయటికొస్తున్న ఆడపిల్లలు. తంగమ్మాళ్ ముందుకు వంగింది. సంగవి చేతిని పట్టుకుంది.

సుర్రుమని పుల్ల గీసిన చప్పుడు.

అంతే, ముందు వరసలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. తెల్ల కోట్లు, ఎత్తిన చేతులు, చేతుల్లో వెలిగే ఫోన్లు. ఈల లేదు, మాట లేదు. ఇంతసేపూ గోల చేసిన హాలు గుడిలా నిశ్శబ్దమైంది. నాలుగో అమ్మాయికి అంజలి. పాండియరాజన్ పక్కగా నిలబడి అంతా తీస్తున్నాడు. తంగమ్మాళ్ లేచింది. మునివేళ్ళ మీద లేచింది. ఇటు వంగింది, అటు వంగింది. ఆమెకు కనబడినవి ముప్పై తెల్ల కోట్ల వీపులు, కళ్ళలోకి కొట్టే వెలుగు. వాళ్ళు కూర్చునేసరికి తెర మీద పాడె ఉంది.

ఆమె చప్పున కళ్ళు మూసుకుంది.

“అయిపోయినాదా?” అని అడిగింది, కళ్ళు మూసుకునే.

“పాడె పోయింది అత్తా.”

“గేటు?”

సంగవి ఆమె భుజం మీద చేయి వేసింది. తంగమ్మాళ్ మెల్లగా కూర్చుంది. తర్వాత ఐదో హత్య, ఆరో హత్య, పోలీసు, వాన, అద్దాలు పగలడం అన్నీ జరిగాయి. ఆమె సంచిలోని మిఠాయి పొట్లం దారం విప్పింది, కట్టింది, విప్పింది.

*

ఆట వదిలాక సంగవి గేటు దగ్గర మైకు పట్టుకుంది. మైకుకు తొడిగింది మేజోడే.

యాభై దాటిన ఒక పప్పుల వ్యాపారి చెప్పాడు: “అప్పట్లో చూసి మూడు రోజులు అగ్గిపెట్టె ముట్టలేదు. ఇవాళ కోటు ఎవరు కుట్టారా అని చూశాను. వయసు కాబోలు.”

వాసుకి అనే కాలేజీ అమ్మాయి చెప్పింది: “వాడు చంపుతుంటే ఈలలేస్తున్నారు, నాకు నచ్చలేదు. కానీ ఆ పాటకు నా కాలు కూడా ఆడింది. అది ఇంకా నచ్చలేదు.”

సెంథిల్‌కుమార్ కోటు సర్దుకుని చెప్పాడు: “స్టైల్ అంటే ఇది. కానీ నాలుగో అమ్మాయి దగ్గర గుండె ఆగిపోతుంది. ఆమె ఏదో అంటుంది కదా, తర్వాత పెట్టిన డబ్బింగ్ గొంతు ‘యారు’ అంటుంది, ఎవరు అని. పెదాలు అంతకంటే ఎక్కువ కదులుతాయి. నలభై ఏళ్ళుగా దాని మీద గొడవ. నన్నడిగితే తనను చంపబోయేవాడి పేరు చెబుతోంది.”

అతని వెనక నిలబడి ఉన్నది తంగమ్మాళ్. తన వంతు కోసం అందరిలాగే వరసలో వచ్చింది.

“తమ్ముడూ,” అంది అతనితో, “ఆ పిల్లకు ఎడమ పక్క ఎవరున్నారు?”

సెంథిల్‌కుమార్ ఆలోచించాడు. “పక్కనా? ఎవరూ లేరు కదమ్మా.”

“నువ్వు ఎన్నిసార్లు చూశావు?”

“థియేటర్లో ఇదే మొదలు. ఫోన్లో వెయ్యిసార్లు.”

“ఇవాళ చూడలేదా?”

“ఇవాళ లేచి తల వంచుకున్నాం కదమ్మా. అంజలి.”

తంగమ్మాళ్ తలాడించింది. కోపం లేదు ఆమె ముఖంలో. బస్సు తప్పిపోయిన మనిషి ముఖంలా ఉంది. సంగవి గోడ మీది ఆటల పట్టీ చూసింది. మధ్యాహ్నం రెండున్నరకు ఇంకో ఆట ఉంది, అదే ఆఖరిది. ఈ కోట్లన్నీ దానికీ టికెట్లు కొనుక్కున్నాయి. మళ్ళీ లేస్తాయి. రేపటి నుంచి ఈ ఊళ్ళో వేరే సినిమా.

ఆమె మైకు ఆపి పాండియరాజన్‌ను పక్కకు పిలిచింది.

“అణ్ణా, ఆవిడ మా అత్త. ఆ నాలుగో అమ్మాయి ఆవిడే.”

పాండియరాజన్ నవ్వాడు. తర్వాత సంగవి నవ్వడం లేదని గమనించాడు. గోడ మీది పోస్టరు చూశాడు, తంగమ్మాళ్‌ను చూశాడు. ఆ నొసలు, ఆ పెదవి కింది గుంట.

“ఎప్పటి నుంచి తెలుసు నీకు?”

“పుట్టినప్పటి నుంచి.”

“రెండు నెలలు నా ఎదురుగా కూర్చుని...” అతను మాట మింగేశాడు. “సరే. ఇవాళ చెప్పొద్దు. వారం ఆగుదాం. ముందు అంజలి వీడియో పోతుంది, జనం ఏడుస్తారు. తర్వాత బతికుందని ఇంకో వీడియో. రెండూ మనవే. నువ్వు కూడా నిలబడతావు.”

చెడ్డ లెక్కేమీ కాదు. ఇంకో రోజైతే సంగవి “సరే అణ్ణా” అనేది.

“వారం ఆగితే ఈ తెర మీద ఆ సినిమా ఉండదు అణ్ణా. ఆవిడ చూడవలసింది చూడలేదు. మనవాళ్ళు అడ్డం నిలబడ్డారు. నిలబెట్టింది మనం.”

“చెప్పావంటే సోమవారం నువ్వు రావలసిన పని లేదేమో, ఆలోచించుకో.”

ఆమె ఆలోచించుకుంది. తండ్రి ముఖం గుర్తొచ్చింది, నెల మొదట్లో ఇంటికి పంపే డబ్బు గుర్తొచ్చింది. ఆలోచించుకున్నా కాళ్ళు ఆగలేదు. వెళ్ళి సెంథిల్‌కుమార్ ముందు నిలబడింది. తడబడుతూ, వరస తప్పిస్తూ, కాకి సంగతి, కబురు సంగతి, పుదూరు బస్టాండు, మందు గది అన్నీ చెప్పింది. తెల్ల కోట్లు చుట్టూ మూగాయి.

“ఇది ఛానల్ వాళ్ళ నాటకం,” అన్నాడు ఒక కోటు. “పోయిన మనిషి పేరుతో ఆటలా?”

“నిజమైతే అలా తిరిగి చూడమనండి,” అన్నాడు ఇంకొకడు.

“మెడ పట్టేసి నాలుగేళ్ళయింది నాయనా,” అంది తంగమ్మాళ్. “తిరిగితే ఆసుపత్రికి నువ్వే మోయాలి.”

ఇద్దరు ముగ్గురు నవ్వారు. సెంథిల్‌కుమార్ నవ్వలేదు. ఫోన్లో ఆ ముక్క తీసి, శబ్దం ఆపి, ఆమె ముందు పెట్టాడు. “అయితే ఆ పెదాలు ఏమంటున్నాయో చెప్పమ్మా.”

తంగమ్మాళ్ ఫోను వైపు చూడను కూడా లేదు.

“గొంతు తర్వాత పెడతాం, నోటికొచ్చింది అను అన్నారు. కెమెరా వైపు చూడొద్దని మాకు వెయ్యిసార్లు చెప్పారు. మారిసెల్వి చూసేసింది. మూడుసార్లు తీశారు, మూడుసార్లూ చూసేసింది. నాలుగోసారి ఎండ పోతోంది, ఇదే ఆఖరన్నారు. పుల్ల గీశారు, నేను తిరిగాను, పక్కన ఇది మళ్ళీ చూస్తోంది. మా ఇంటి మాట దానికి నేర్పించాను. అందుకే తెలుగులో అన్నాను. ‘ఆడ సూడొద్దే, నగొద్దే.’”

సెంథిల్‌కుమార్ ముక్కను మొదటికి తిప్పాడు. శబ్దం లేకుండా ఆ పదిహేడేళ్ళ పిల్ల తిరిగింది. తంగమ్మాళ్ మాట మళ్ళీ అంది, పెదాలు కదిలిన చోట కదిలించి, ఆగిన చోట ఆపి. తెలుగు రాని కోట్లు కూడా ఆ రెండు నోళ్ళనూ మార్చి మార్చి చూశాయి. ఆమె మూడోసారి అనవలసిన అవసరం రాలేదు.

“నేను బతికున్నానని మీరు బాధపడొద్దు,” అంది తంగమ్మాళ్. “మీ అందరి ఏడుపు వల్లే ఇన్నాళ్ళున్నానేమో, మా అమ్మ లెక్క ప్రకారం. కానీ పోయింది నేను కాదు, నా పక్కన ఉన్నది. దానికోసం ఎవరూ లేవలేదు. లేవనూ వద్దు. కూర్చోండి. కూర్చుంటే నాకు కనిపిస్తుంది.”

సెంథిల్‌కుమార్ కోటు విప్పి చేతి మీద వేసుకున్నాడు. అతని చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయి ఉంది. “ఆ గేటు వచ్చేటప్పుడు ఒక్కడు లేచినా నేను చూసుకుంటాను అక్కా,” అన్నాడు.

*

రెండున్నర ఆటలో ఆమెను మొదటి వరస మధ్యలో కూర్చోబెట్టారు. అంత దగ్గరైతే మెడ ఎత్తాలి, మెడ పట్టేస్తుంది అంటే ఎవరో మడత పెట్టిన కోటును తల వెనక పెట్టారు. ఈలలు ఎప్పటిలాగే మోగాయి. మనుషులు ఎప్పటిలాగే చచ్చారు. వాసుకి మళ్ళీ వచ్చి రెండు సీట్లవతల కూర్చుంది. పాండియరాజన్ తలుపు దగ్గర నిలబడ్డాడు, కెమెరా మెడలో వేలాడుతోంది, తీయడం లేదు. సంగవి అత్త చేయి పట్టుకుంది. 

గేటు వచ్చింది. ఎర్రటి ఎండ. ఆడపిల్లలు. పుల్ల గీసిన చప్పుడు.

ఎవరూ లేవలేదు. మూడు వందల మంది తెరకు ఎడమ పక్క చూశారు.

అక్కడ ఒక పిల్ల ఉంది. పొట్టిగా, నల్లగా, రెండు జడలతో. చేతిలో మూత వదులైన సద్దిగిన్నె. ముందు బుద్ధిగా నేల చూస్తూ నడుస్తోంది. పుల్ల చప్పుడుకు తల ఎత్తి, చూడకూడని వైపే చూసింది, సరాసరి హాల్లో ఉన్న అందరి కళ్ళలోకి. తప్పు చేశానని తెలిసి నాలుక కరుచుకుంది. కళ్ళు మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాయి.

“ఆడ సూడొద్దే,” అంది తంగమ్మాళ్, తెర మీది పెదాలతో పాటు. “నగొద్దే.”

ఆరు సెకన్లు అయిపోయాయి.

ఆమె సంగవి చెయ్యి విదిలించుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. పాడె వచ్చింది, పోయింది. పోయిందని సంగవి చెప్పాక కూడా వెంటనే తెరవలేదు.

“ముక్కుపుడక,” అంది, మూసిన కళ్ళతోనే. “దానికి ముక్కుపుడక ఉండె. తెల్లరాయిది. ఎట్ల మరిచిపోతిని పాపా నేను? ముక్కుపుడకనే మరిచిపోతిని గదా.”

సంగవి కెమెరా ఒళ్ళో ఉంది. ఆ రోజు తీయవలసిన ఇరవై మంది మాటల్లో అదీ ఒకటి కావచ్చు. ఆమె మూత తీయలేదు.

తిరుగు బస్సులో తంగమ్మాళ్ వేరుశనగ మిఠాయి పొట్లం విప్పి, పగిలిన ముక్కలు తాను తీసుకుని, మంచివి మేనకోడలికిచ్చింది. ఒక ముక్క మాత్రం ఇద్దరి మధ్య సీటు మీద పెట్టింది. అది ఎవరికని సంగవి అడగలేదు. సోమవారం సంగతి అత్త కూడా అడగలేదు. బస్సు కుదిపినప్పుడల్లా ఇద్దరిలో ఒకరు చేయి అడ్డం పెట్టి ఆ ముక్కను ఆపుతూ వచ్చారు.

ఆ సినిమా ఊరూరా తిరుగుతోంది. మీ ఊరికీ రావచ్చు. వస్తే తప్పక చూడండి, ఈలలేస్తే వేయండి, ఆ పాటకు కాలు ఆడితే ఆడనివ్వండి. కానీ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ గేటు కనిపించగానే ఫోను జేబులో పెట్టి కూర్చోండి, తెరకు ఎడమ పక్క చూడండి. తెల్లరాయి ముక్కుపుడక, వదులు మూత గిన్నె, రెండు జడలు. పేర్ల పట్టికలో ఆమె పేరు లేదు. ఆమె పేరు మారిసెల్వి. గుర్తుపెట్టుకోండి.